పట్టీ మీద కుంకుమ బొట్టు

నేను జీవితంలో ఒక్క మంచుకొండ కూడా ఎక్కలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తరవాత ఇంకెవరో చెప్పి మీరంతా నవ్వుకునేకంటే అదే నయం. మంచును నేను దగ్గరగా చూసింది మా ఇంటి ఫ్రిజ్‌లోనే. అయినా ఇరవై ఏళ్లకు పైగా, కొండలెక్కడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏం తొడుక్కోవాలో, ఏం మోసుకెళ్లాలో చెప్పే ఉద్యోగం చేశాను. చెప్పడమే కాదు, ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, ఉతకడం, కుట్టడం, ఆరేయడం, పోగొట్టినవాళ్లను తిట్టడం కూడా నా పనే.

నా పేరు ఎస్తేరు. మేడ్చల్‌లో బట్టలు కుట్టే కంపెనీలో మిషన్ మీద పనిచేసేదాన్ని. షామీర్‌పేట దారిలో రాళ్లగుట్టల పక్కన ఒక పర్వతారోహణ శిక్షణ కేంద్రం ఉండేది. వాళ్ల గుడారాలు చిరిగాయని రెండు రోజుల పనికి పిలిచారు. వెళ్లాను. ఆ రెండు రోజులు పోయిన ఏడాది పదవీ విరమణతో ముగిశాయి. మధ్యలో సామాన్ల గది మొత్తం నా చేతికి వచ్చింది. ఆదివారం ఆదివారం కాలేజీ పిల్లలు, ఉద్యోగస్తులు వచ్చి మా గుట్టల మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకునేవాళ్లు. వాళ్లలో బాగా నేర్చినవాళ్లను హిమాలయాల్లో జరిగే ప్రాథమిక శిక్షణకు పంపేవాళ్లం.

నా తరవాత ఆ గది తాళాలు తీసుకున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "ఆంటీ, మీకు తెలిసినవన్నీ రాసి పెట్టండి" అంది. ఏ వస్తువులు ఎన్ని ఇవ్వాలో గోడ మీద పట్టిక ఉంది తల్లీ, అది చూసుకో. పట్టికలో లేనిది మాత్రం రాస్తాను. ముఖ్యంగా, నా తప్పు వల్ల లావణ్య అనే పిల్ల హిమాలయాల ప్రయాణం దాదాపు చేజారిపోయిన సంగతి రాస్తాను. చేజారేది ప్రయాణం ఒక్కటే కాదని తరవాత తెలిసింది.

వాళ్లమ్మ సర్దిన సంచి

లావణ్య వాళ్లది గుండ్లపోచంపల్లిలో కొత్తగా వచ్చిన ఒక కాలనీ. అమ్మానాన్నలు తణుకు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల నాన్న ప్రసాదరావు గారు మందులు తయారుచేసే కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తారు. పొద్దస్తమానం ఎదుటివాళ్ల పనిలో తప్పులు వెతకడమే ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా మానలేదని లావణ్య చెప్పేది.

ఆ పిల్ల ఏడాది పాటు ఒక్క ఆదివారం మానకుండా వచ్చింది. బల్లిలా ఎక్కేది. ఆ ఏడు హిమాలయాల శిక్షణకు మా దగ్గర్నుంచి ఎంపికైంది. ఇక మిగిలింది తండ్రి సంతకం. ఆయన ఒక్కటే షరతు పెట్టారు. "దసరా వెళ్లాక వచ్చే ఆదివారం నేనే వచ్చి చూస్తాను. నా కళ్లెదుట నువ్వెక్కాలి, దిగాలి. అప్పుడు పెడతాను." ఆ తరవాతి శుక్రవారం కాగితాలు పంపడానికి ఆఖరి రోజు.

"కాలేజీ పరీక్షలు రెండుసార్లు రాయమన్నా రాస్తాను గానీ, ఇది వదులుకోను ఆంటీ," అంది లావణ్య నాతో. ఆ మాట అంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చూడనట్టు గుడారం మడతపెట్టాను.

దసరాకు వారం ముందు ఇంట్లో సర్దిన సంచి తెచ్చి నా ముందు పెట్టింది. మా దగ్గర అది పద్ధతి. ఎవరైనా సరే సంచి బోర్లించి చూపించాల్సిందే. బోర్లించింది. తెల్లటి కాటన్ బనీన్లు అరడజను. కాటన్ నైటీలు రెండు. దుప్పటంత తువ్వాలు. పెద్ద జాడీలో గోంగూర. ఒక శాలువా, అదీ ఎవరి సన్మానంలోనో కప్పినట్టు జరీ అంచుది.

"ఇంట్లో పెండ్లేమన్న ఉన్నదా బిడ్డా?" అన్నాను.

"కాటన్ ఒంటికి మంచిదని మా అమ్మ..."

"మీ అమ్మ చెప్పింది కరెక్టే. గుండ్లపోచంపల్లిల మంచిదే. ఆడ గాదు."

కొత్తగా వచ్చేవాళ్లందరికీ చెప్పినట్టే తనకూ చెప్పాను. కొండ ఎక్కుతుంటే చెమట పడుతుంది. కాటన్ ఆ చెమట తాగి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. మీరు ఆగగానే గాలి తగిలి ఆ తడి చల్లబడుతుంది, దాంతోపాటు మీరూ చల్లబడతారు. అందుకని ఒంటిని అంటి ఉండేది చెమటను పట్టి ఉంచని బట్ట కావాలి, ఆటలాడేవాళ్లు వేసుకునే రకం. దాని మీద వెచ్చదనానికి ఉన్ని స్వెట్టరో ఫ్లీస్ జాకెట్టో. అన్నిటికన్నా పైన గాలినీ వాననూ ఆపేది. మూడు పొరలు. ఎక్కేటప్పుడు విప్పడం, ఆగినప్పుడు వేసుకోవడం. చలేసేదాకా ఆగి వేసుకునేవాళ్లు మొండివాళ్లు. మా దగ్గరకు ఏటా ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లు.

చేతి తొడుగులు రెండు జతలు ఇస్తే ఒకటి చాలంటారు. ఒకటి గాలికి ఎగిరిపోయాక రెండోది గుర్తొస్తుంది. నల్లద్దాలు ఫొటోల కోసం అనుకుంటారు. మంచు మీద పడి తిరిగొచ్చే ఎండకు కళ్లు మండి, రెండు రోజులు తెరవలేక గుడారంలో పడుకున్నవాళ్లను అడగండి. తలకు కట్టుకునే దీపానికి వేరే బ్యాటరీలు పెట్టుకోమంటే, "ఫోన్లో లైటుంది కదా" అన్నాడొక ఇంజనీరు. మరి ఫోన్ ఏ చేత్తో పట్టుకుంటావు నాయనా, తాడు ఏ చేత్తో పట్టుకుంటావు?

లావణ్య అన్నీ విని, కాటన్ బనీన్లు తిరిగి సంచిలో పెట్టుకుని, "మా అమ్మకు మీరే చెప్పండి ఆంటీ, నాకంత ధైర్యం లేదు," అంది. గుట్ట మీద నలభై అడుగుల ఎత్తున వేలాడుతూ నవ్వే పిల్ల అది.

బూట్లు, పెద్దసారు, నేను

బూట్ల గురించి చెప్పాలంటే మా పెద్దసారు గురించి చెప్పాలి. కేంద్రం నడిపేది ఆయనే, మిలిటరీ నుంచి వచ్చారు. మనసు మంచిది. కాకపోతే ఆయన దృష్టిలో లోకంలో ప్రతిదీ ఫస్ట్ క్లాసే. చిరిగిన గుడారం ఫస్ట్ క్లాస్, ఉడకని అన్నం ఫస్ట్ క్లాస్.

బౌరంపేట నుంచి ఒక లెక్కల మాస్టారు నేర్చుకోవడానికి వచ్చేవారు. ఆయనకిచ్చిన బూట్లు బిగుతుగా ఉన్నాయని ఆయన నడకలోనే నాకు తెలిసింది. పెద్ద సైజు వచ్చేదాకా రెండు రోజులు పడుతుంది, ఆయన హిమాలయాలకు బండెక్కేది మర్నాడే. పెద్దసారు వంగి, ముందు భాగం నొక్కి, "ఫస్ట్ క్లాస్. నడుస్తుంటే అవే సాగుతాయి," అన్నారు. నేను నోరు తెరిచాను, మళ్లీ మూసుకున్నాను. కొత్త ఉద్యోగం, పెద్దసారు మాట.

బూట్లు సాగలేదు. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ వేళ్లు ముందుకు గుద్దుకుని, మాస్టారు రెండు బొటనవేళ్ల గోళ్లూ ఊడగొట్టుకుని వచ్చారు. చాలా రోజులు చెప్పులేసుకుని పాఠాలు చెప్పారట. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అప్పటి నుంచి బూట్లు నేనే చూసేదాన్ని. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కొండ మీద వేసుకునే మందపాటి మేజోళ్లతోనే తొడగాలి. లేసులు వదులుగా ఉంచి వేళ్లు ముందుకు ఆనిస్తే, మడమ వెనక నా వేలు దూరాలి. ఆ తరవాత లేసులు బిగించి ఏటవాలు మీద కిందికి దించాలి. బొటనవేలు తగిలిందా, ఆ బూటు వద్దు. ఎవరు ఫస్ట్ క్లాసన్నా సరే.

వేళ్లతో చూడటం

తాళ్లు, నడుముకు బిగించుకునే హార్నెస్‌లు, నైలాన్ పట్టీలు, ఇనప కొక్కేలు. ప్రాణం వేలాడేది వీటి మీదే. పట్టీ అంటే సీటుబెల్టు లాంటి గుడ్డ, గుండ్రంగా కుట్టి ఉంటుంది. గుట్ట పైన గట్టి ఆధారానికి రెండు పట్టీలు తగిలించి, వాటికి కొక్కెం వేసి, ఆ కొక్కెంలోంచి తాడు దింపుతాం. ఒకటి తెగినా రెండోది ఆపుతుందనే రెండు.

వీటిని కళ్లతో చూస్తే చాలదు. మొదటి నుంచి చివరిదాకా వేళ్ల మధ్య నుంచి జరపాలి. మెత్తగా సాగుతున్న వేలు ఎక్కడైనా గట్టిగానో గరుకుగానో తగిలితే ఆగాలి. కుట్టుపని చేసిన చేతులు కనుక నాకిది సులువు. పిల్లల్లో అందరికన్నా తొందరగా పట్టుకున్నది లావణ్య. నేను పాత పట్టీలు పది కలిపి ఇచ్చి, వాటిలో ఒకదానికి చిన్న కోత పెట్టి, కళ్లు మూసుకుని వెతకమనేదాన్ని. మిగతావాళ్లు తడుముకుంటుంటే ఈ పిల్ల తీసి నా ఒళ్లో పడేసేది.

నా పని, ఇచ్చిన ప్రతి వస్తువూ తిరిగి గదిలోకి వచ్చేటప్పుడు ఇలా చూడటం. చూసి, పుస్తకంలో ఆ వస్తువు పక్కన 'చూశాను' అని రాసి సంతకం పెట్టడం.

దసరా

గుట్ట మీద ఎక్కడం నేర్పేది యాదగిరి. అలియాబాద్ మనిషి, పటాలంలో కొండల మీద పనిచేసి వచ్చాడు. నన్ను అక్కా అనేవాడు. ఆయుధ పూజ ఆయన సొంత పండగ. గది ముందు పెద్ద పట్టా పరిచి, సామానంతా కుప్ప పోసి, బంతిపూలు, గుమ్మడికాయ, నిమ్మకాయలు తెచ్చి హడావుడి చేసేవాడు. నా కుట్టుమిషన్‌నూ వదిలేవాడు కాదు.

"అక్కా, నీ మిషన్‌కు గూడ బొట్టు వెడ్తున్న. నీ ఏసయ్య ఏమనుకోడు గదా?"

"ఏసయ్య ఏమనుకోడు గని, సూది కాడ వెట్టకు. దారానికి అంటుతది."

నేను ప్రసాదం తినను. ఆ సంగతి తెలుసు కనుక, పూజకు ముందే నాకోసం పులిహోర వేరే డబ్బాలో తీసిపెట్టేవాడు. నేనూ పూజ జరుగుతున్నంతసేపు గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడేదాన్ని. ఒకరి మర్యాద ఒకరం అలా కాపాడుకునేవాళ్లం. ఆ మర్యాదే ఆ ఏడు మా కొంప ముంచింది.

అంతకు ముందు ఏళ్లలో బొట్లు హెల్మెట్లకూ మంచుగొడ్డళ్లకూ మాత్రమే పెట్టేవాడు. ఆ ఏడు పట్టీలు కొత్తవి వచ్చాయి. కొత్తవాటికి పెట్టకపోతే ఎట్లా అని వాటికీ పెట్టాడు. పూజయ్యాక సామాను లోపల పెట్టేటప్పుడు చూశాను, పైనున్న పట్టీల నిండా పసుపు కుంకుమ. ఒకదాని మీద బొట్టు మరీ మందంగా, వెడల్పుగా ఉంది. భక్తి పొంగిందనుకున్నాను.

వేళ్లతో చూడాలంటే బొట్లు తుడవాలి. చర్చికి పోయే ఆడమనిషి, పూజ చేసిన గంట కాకముందే కుంకుమ తుడిచేస్తే యాదగిరి ఏమనుకుంటాడు? ఆయన ఏమీ అనడు, కానీ మనసులో పెట్టుకుంటాడేమో. అలా ఆలోచించి, ఉన్నవి ఉన్నట్టే గోడ కొక్కేలకు తగిలించాను. పుస్తకంలో వరసగా 'చూశాను' అని రాసి సంతకాలు పెట్టాను. అన్నేళ్లలో చూడకుండా సంతకం పెట్టింది ఆ ఒక్కరోజే. ఒక్కరోజే కదా అని నాకు నేను చెప్పుకోను.

ఆ ఆదివారం

పొద్దున్నే ఆరాధనకు వెళ్లి, అక్కణ్నుంచి నేరుగా పనికి వచ్చాను. ప్రసాదరావు గారు అప్పటికే వచ్చి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతులు వెనక్కి కట్టుకుని తనిఖీకి వచ్చినట్టే తిరుగుతున్నారు.

"ఈ తాడు ఎన్నేళ్లు వాడతారండీ? తయారైన తేదీ దీని మీద ఉంటుందా? వాడేముందు ఎవరు చూస్తారు?"

"ఫస్ట్ క్లాస్ సామాను సార్," అన్నారు పెద్దసారు.

నేను గర్వంగా పుస్తకం తెరిచి చూపించాను. ఆయన ఒక్కొక్క సంతకం మీద పెన్ను ఆనించి చదివి, తల ఊపారు. లావణ్య నా వైపు చూసి, నాన్న చూడకుండా బొటనవేలు పైకెత్తింది.

గుట్ట కింద యాదగిరి పట్టీల సంచి లావణ్యకిచ్చాడు. వెనక నుంచి నడిచి పైకెక్కి ఆధారం కట్టాల్సింది తనే. సంచిలోంచి ఒక పట్టీ తీసి, అలవాటుగా వేళ్ల మధ్య జరపడం మొదలుపెట్టింది. ఆ మందపాటి బొట్టు దగ్గర వేళ్లు ఆగాయి.

"ఆంటీ, ఇక్కడేదో గట్టిగా ఉంది."

"కుంకుమ ఎండింది బిడ్డా, గంతే. నడు, ఎండ ముదురుతాంది," అన్నాడు యాదగిరి.

లావణ్య రుమాలు తీసింది. "తప్పమ్మా," అన్నారు ప్రసాదరావు గారు, "పూజ చేసిన బొట్టు తుడవకూడదు. ఇంకోటి తీసుకో."

పిల్ల అటు చూసి, ఇటు చూసి, నా వైపు చూసింది. నేను వెళ్లి పట్టీ తీసుకుని, బొటనవేలు నీళ్లలో తడిపి, ఆ బొట్టు తుడిచాను. కింద నైలాన్ కరిగి గోధుమరంగులో గాజులా గడ్డకట్టి ఉంది. వంచితే చిటుక్కుమని పగిలింది.

యాదగిరి ముఖం పాలిపోయింది. "హారతి ఇస్తుంటె కర్పూరం బిళ్ల జారి వడ్డదక్కా. జల్దీ చేత్తోని కొట్టేసిన. జర నల్లగైంది. పండగపూట మంచిగ కనవడ్తలేదని గా జాగల ఇంకింత కుంకుమ వెట్టిన. గింత కరిగిందని నాకు తెల్వది."

ఆయన మీద నాకు కోపం రాలేదు. దీపం నుంచి ఏం పడినా కుంకుమ పెట్టి సర్దుకోవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పద్ధతి. దాన్ని తుడిచి చూడటం నా పని, అది నేను చేయలేదు.

"ఏంటండీ అది?" అంటూ ప్రసాదరావు గారు దగ్గరకొచ్చారు.

"ఏం లేదు సార్, చిన్న మరక. మార్చేస్తున్నాం," అన్నారు పెద్దసారు. నా చెవిలో మాత్రం, "ఎస్తేర్, గదిలోంచి ఇంకోటి తెచ్చెయ్. పిల్ల ప్రయాణం చెడగొట్టకు," అన్నారు.

పిల్ల ప్రయాణం చెడుతుందన్న మాటలో అబద్ధమేం లేదు. లావణ్య కూడా నన్నే చూస్తోంది. ఆ చూపు అడిగేది కూడా అదే. ఊరుకుంటే ఐదు నిమిషాల్లో ఆ పిల్ల ఎక్కి దిగుతుంది, తండ్రి సంతకం పెడతాడు. అడ్డం పడితే అంతా పోతుంది.

"సార్, అది మరక గాదు. కాలింది," అన్నాను. "నేను చూడలే. చూసిన్నని సంతకం వెట్టిన, గని చూడలే."

"మరి మిగతావి?"

"పూజల వెట్టినయి ఏవీ చూడలే సార్. ఇయ్యాల ఎవ్వరూ ఎక్కొద్దు."

పనికిరాని పట్టీని అప్పటికప్పుడు కోసెయ్యాలి, మళ్లీ పొరపాటున ఎవరూ వాడకుండా. నా కత్తెర యాదగిరి అడిగి తీసుకున్నాడు. పట్టీని కళ్లకద్దుకుని రెండు ముక్కలు చేశాడు. ప్రసాదరావు గారు అదంతా చూసి స్కూటర్ వైపు నడిచారు.

లావణ్య నా పక్క నుంచి పోతూ ఆగింది. "నేను చెప్పకుండా ఉండాల్సింది ఆంటీ. లేదా మీరైనా ఊరుకోవాల్సింది." స్కూటర్ వెనక కూర్చుని తల తిప్పలేదు.

రెండోది

సోమవారం పొద్దున నుంచి సామానంతా దింపి, బొట్లన్నీ కడిగి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య జరిపాను. యాదగిరి పక్కనే కూర్చుని తుడిచి ఇచ్చాడు. తాళ్లు బాగున్నాయి. హార్నెస్‌లు బాగున్నాయి. మంగళవారం మధ్యాహ్నం, గుట్ట దగ్గర నుంచి అలాగే తెచ్చి పెట్టిన పట్టీల సంచి విప్పాను. అందులో మిగిలిన రెండో పట్టీ తీశాను. దాని మీద బొట్టు లేదు. పైకి కొత్తదానిలా మెరుస్తోంది. కుట్టు పక్కన, అంచు మీద, కందిగింజంత చోట వేలు ఆగింది.

కుప్పలో మొదటిదాని కింద ఉన్నది అదే అయ్యుంటుంది, అందుకే బొట్టు పడలేదు. కర్పూరం తునక ఒకటి దాని మీదా పడింది. ఆ ఆదివారం లావణ్య పైన తగిలించాల్సిన రెండు పట్టీలూ కాలినవే. తెగేవో, బరువాపేవో నాకు తెలియదు. తాళ్ల చుట్ట మీద కూర్చుండిపోయాను. యాదగిరి గోడ వైపు తిరిగాడు.

పెద్దసారుతో చెప్పాను. "ఇది కూడా వాళ్లకు చెప్పాలా?" అన్నారు. చెప్పాలన్నాను. కాసేపు కణత రుద్దుకున్నారు. "నేను మాత్రం రాను. నువ్వు వెళ్తే ఆపను." ఆ మాటకు నేను ఆయన్ని తప్పుపట్టను. పై అధికారుల్లో ఆపనివాళ్లు కూడా తక్కువే దొరుకుతారు.

మర్నాడు వెళ్దామంటే ధైర్యం చాల్లేదు. గురువారం సాయంత్రం యాదగిరి బండి మీద గుండ్లపోచంపల్లి వెళ్లాం. తలుపు తీసింది లావణ్య వాళ్లమ్మ విజయ గారు. "రండి రండి. మా అమ్మాయి నాలుగు రోజుల నుంచి మాతో మాట్లాడట్లేదు. మీతో పోట్లాడటానికైనా నోరు తెరుస్తుందేమో చూద్దాం," అంటూ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లారు.

యాదగిరి సోఫా అంచున కూర్చున్నాడు. "సార్, కర్పూరం నా చేతులకెల్లి వడ్డది. అక్కది తప్పు లేదు."

"ఉన్నది," అన్నాను. సంచిలోంచి రెండో పట్టీ తీసి బల్ల మీద పెట్టాను. "సార్, గిది గూడ కాలింది. మొన్న మీ బిడ్డ పైన కట్టాల్సిన రెండోది గిదే."

ప్రసాదరావు గారు పట్టీ తీసుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని ట్యూబులైటు కిందికి వెళ్లారు. తిప్పారు, లాగారు, గోటితో గీరారు. అంచులు చూశారు, కుట్లు చూశారు. "ఎక్కడండీ? నాకేం కనిపించట్లేదే," అన్నారు విసుగ్గా. తప్పు పట్టడమే ఉద్యోగమైన మనిషికి తప్పు దొరక్కపోతే ఎంత చిరాకో ఆయన ముఖం చూస్తే తెలిసింది. నేను చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "లావణ్యా, ఇలా రా," అని పిలిచారు.

వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నా వైపు చూడలేదు.

"దీంట్లో ఎక్కడో కాలిందట. చెప్పు చూద్దాం."

పట్టీ చేతిలోకి తీసుకుంది. దాని వైపు కూడా చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ వేళ్ల మధ్య జరిపింది. సగం కూడా రాకముందే వేళ్లు ఆగాయి.

"ఇక్కడ."

"ఏదీ?"

చిన్నపిల్లల చేత బియ్యంలో అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టు ఆయన చూపుడువేలు పట్టుకుని, ఆ చోట ఆనించింది. ఆయన ఊపిరి బిగబట్టారు. "ఊ," అన్నారు. మళ్లీ ఒకసారి, "ఊ."

"దీనికి బొట్టు లేదుగా," అన్నారు కాసేపటికి. "ఆ రోజు మొదటిది బాగుండి ఉంటే, ఇది నువ్వు చూసేదానివా?"

"రెండూ చూడకుండా ఎప్పుడైనా కట్టానా నాన్నా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాల మీద దుమ్మేం లేదు. నన్ను అడిగారు, "ఆ ఆదివారం ఇది మా అమ్మాయి చేతికి కాకుండా ఇంకెవరి చేతికో ఇచ్చి ఉంటే?"

"కట్టేటోళ్లు సార్," అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆయన లేచి, టీవీ పక్కన ఉన్న కాగితాలు తెచ్చుకుని, జేబులో పెన్ను తీశారు. సంతకం చేయబోతూ ఆగి, నాకేసి చూశారు. "ఏమీ అనుకోకండి. మీ స్టోరు మీద నమ్మకంతో కాదు ఈ సంతకం పెట్టేది. దీని వేళ్ల మీద."

లావణ్య రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. విజయ గారు కాఫీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఆగిపోయారు. యాదగిరి పైకి చూసి దండం పెట్టుకున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పదవీ విరమణ రోజున నాకు శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, పెద్దసారు నా సేవలు ఫస్ట్ క్లాసన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పు ఏదని అడిగితే మాత్రం, ఆ రోజు నా ముఖం మీదే ప్రసాదరావు గారు అన్న ఆ మాటే చెబుతాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తల్లీ, నీ సంతకం నమ్మే పిల్లల్ని తయారుచేయకు. నీ సంతకం ఉన్నా మళ్లీ తడిమి చూసుకునేవాళ్లను తయారుచెయ్యి.

కాఫీ తాగి మేం లేచాం. ప్రసాదరావు గారు గుమ్మం దాకా సాగనంపడానికి రాలేదు. ఆయన ఇంకా ఆ పట్టీ పట్టుకునే కూర్చున్నారు. కళ్లు మూసుకుని, మొదటి కుట్టు దగ్గర నుంచి మళ్లీ వేలు జరుపుతున్నారు. లావణ్య ఆయన కుర్చీ చేతి మీద కూర్చుని వంగి చూస్తోంది.

"తొందరపడకు నాన్నా," అంటోంది. "ఇంకొంచెం ముందుకి."